కాటన్ దొర గుర్రం కుంటితే?

ధవళేశ్వరం కాటన్ మ్యూజియానికి ఒకసారి బడిపిల్లల వెంట వెళ్ళాను. గోదావరి మీద కాటన్ దొర కట్టించిన ఆనకట్ట పని 1847లో మొదలైంది, 1852లో ముగిసింది, డెల్టాలో తడిసే నేల సుమారు 10 లక్షల ఎకరాలు అని చెబుతుంటే పిల్లలు బుద్ధిగా రాసుకుంటున్నారు. ఒక్కడు మాత్రం రాయడం మానేసి గుర్రమెక్కిన దొర గురించే అడుగుతున్నాడు. ఆ బొమ్మ వాడికి కొత్త కాదు. డెల్టాలో ఏ ఊరి కూడలికి వెళ్ళినా గుర్రం మీద కాటన్ దొర కనిపిస్తూనే ఉంటాడు. గోదావరి గట్లంట నెలల తరబడి గుర్రం మీదే తిరిగి నది వాలు చూసుకున్నాడని మన పెద్దలు కథలుగా చెబుతారు.

"మేష్టారూ, అన్నాళ్ళు ఇసకలోనూ రాళ్ళలోనూ తిరిగితే ఆ గుర్రానికి కాళ్ళు నొప్పి పుట్టవాండీ? పుడితే దొరకెలా తెలిసేది?"

"కుంటుతుంది కదరా. అప్పుడు తెలుస్తుంది."

"కుంటేదాకా తెలీదాండీ?"

ఆ రెండో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. తరవాత పుస్తకాలు తిరగేస్తే తెలిసిందేమిటంటే, పశువైద్యులు కూడా చాలాకాలం ఆ రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. కుంటడానికి ముందే నొప్పిని పట్టుకోవచ్చా? పట్టుకోవచ్చు. దానికి ఒక కెమెరా ఉంది. అది వెలుగును బట్టి కాదు, వేడిని బట్టి ఫొటో తీస్తుంది. ఇంగ్లీషువాళ్ళు థర్మోగ్రఫీ అంటారు. మనం వేడిబొమ్మ అందాం.

నొప్పిని దాచుకునే జంతువు

కుక్క కాలు తొక్కితే ఊరంతా వినపడేలా అరుస్తుంది. గుర్రం అరవదు. గడ్డి తింటూనే ఉంటుంది, తోక ఊపుతూనే ఉంటుంది. లోపల కాలు సలుపుతున్నా పైకి ఏమీ లేనట్టే నిలబడుతుంది. మొండితనం కాదిది, వంశపారంపర్యంగా వచ్చిన జాగ్రత్త. గుర్రాల పూర్వీకులు పచ్చిక మైదానాల్లో మందలుగా బతికాయి. వేటాడే మృగం మందను దూరం నుంచి చూసి, ఏది కాలు ఈడుస్తోందో దాని మీదికే వస్తుంది. నొప్పి బయటపెట్టినది ఆ రోజే పోయింది. దాచుకున్నది పిల్లల్ని కన్నది. మనం చూస్తున్న గుర్రాలన్నీ దాచుకున్నవాటి సంతానం. అందుకే కొత్తమనిషి దగ్గరికి రాగానే గుర్రం మరింత చురుగ్గా చెవులు నిక్కిస్తుంది. డాక్టరు ముందు బాగానే నడిచి, ఆయన వెళ్ళాక కుంటే గుర్రాలు ఎన్నో.

గుర్రం కాలి నిర్మాణం తెలిస్తే దాని కష్టం ఇంకా బాగా అర్థమవుతుంది. మీ అరచెయ్యి ఒకసారి బల్ల మీద నిలబెట్టండి. మిగతా వేళ్ళు ముడిచి, మధ్యవేలు ఒక్కటే చాచి, దాని గోటి మీద బరువు మోపండి. గుర్రం నడిచేది అలాగే. గిట్ట అంటే గోరు. ఒక్కో కాలికి ఒక్కో వేలు. మనం గుర్రం ముందు మోకాలు అనుకునేది నిజానికి మణికట్టు. ఆ మణికట్టు నుంచి కింద గిట్ట దాకా కండ అనేది దాదాపు లేదు. ఎముక, తోలు, వాటి మధ్య పగ్గాల్లాంటి స్నాయువులు, రక్తనాళాలు. అంతే. శరీరం బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ళే మోస్తాయి. అందుకే కుంటు ఎక్కువగా ముందు కాళ్ళలోనే వస్తుంది, అందులోనూ ఎక్కువ పాలు గిట్టలో.

జట్కావాళ్ళకు కుంటును చూసే చూపు ఉండేది. రాజమండ్రి స్టేషను ముందు జట్కాలు బారులు తీరిన రోజుల్లో, ఏ గుర్రం ఏ కాలు మీద బరువు తప్పిస్తోందో వాళ్ళు తల కదలికను బట్టి చెప్పేవారు. అందులోని సూత్రం తేలికైనదే. నొప్పి ఉన్న ముందు కాలు నేలకు తగిలే క్షణంలో గుర్రం తల పైకి ఎత్తుతుంది, ఆ కాలి మీద బరువు తగ్గించుకోడానికి. బాగున్న కాలు పడినప్పుడు తల కిందికి దించుతుంది. కాబట్టి తల ఏ కాలికి దిగితే ఆ కాలు మంచిది. ఇవాళ్టికీ పశువైద్య కళాశాలల్లో మొదట నేర్పేది ఇదే. కుంటు తీవ్రతకు సున్నా నుంచి 5 వరకు మార్కులు వేసే పద్ధతి కూడా ఉంది. సున్నా అంటే అసలు కుంటే లేదు, 5 అంటే కాలు మోపలేకపోతోంది.

ఈ మార్కుల్లో చిక్కేమిటంటే, చూసే మనిషిని బట్టి అవి మారిపోతాయి. కొద్దిపాటి కుంటు దగ్గర అనుభవమున్న ఇద్దరు డాక్టర్లు సైతం ఒక్కమాట మీద ఉండరు. 2014లో ఐరోపా పరిశోధకులు గుర్రం ముఖాన్ని చదివే కొలత ఒకటి తయారుచేశారు. చెవులు వెనక్కి వాలాయా, కంటి మీద చర్మం బిగిసిందా, ముక్కుపుటాలు సాగాయా, దవడ కండ గట్టిపడిందా అని చూసి నొప్పికి మార్కులు వేస్తారు. పనికొచ్చేదే. కానీ నొప్పి ఉందని చెబుతుందే తప్ప ఎక్కడుందో ముఖం చెప్పదు.

ఎరుపుకు అవతల

1800లో ఇంగ్లండులో విలియం హెర్షెల్ అనే ఆయన ఒక చిన్న పని చేశాడు. ఆయన మొదట సంగీతకారుడు, తరవాత నక్షత్రాల పిచ్చి పట్టి 1781లో యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడు. ఎండను గాజుపట్టకం గుండా పంపితే ఏడు రంగులుగా విడిపోతుంది కదా. ఏ రంగులో ఎంత వేడి ఉందో చూద్దామని ఒక్కో రంగు మీదా థర్మామీటరు పెట్టి చూశాడు. పోల్చుకోడానికి ఎరుపు పక్కన, ఏ రంగూ లేని చీకటి చోట ఒకటి ఉంచాడు. ఆశ్చర్యమేమిటంటే అన్నిటికంటే ఎక్కువ వేడెక్కింది ఆ చీకటిలో ఉన్నదే. ఎరుపుకు అవతల కంటికి కనపడని వెలుగు ఒకటి ఉందన్నమాట. దాన్నే పరారుణ కిరణం అంటున్నాం.

ఈ కనపడని వెలుగు సూర్యుడి ఒక్కడి సొత్తు కాదు. వెచ్చగా ఉన్న ప్రతి వస్తువూ దాన్ని వెదజల్లుతూనే ఉంటుంది. పొయ్యి మీద నుంచి దించిన అట్లపెనం ఎర్రగా లేకపోయినా, చెయ్యి దగ్గర పెడితే సెగ తగులుతుంది చూడండి. ఆ సెగే ఇది. మీ చెయ్యీ, గుర్రం కాలూ, ధవళేశ్వరం బ్యారేజీ గోడా అన్నీ సెగ చిమ్ముతూనే ఉన్నాయి. ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువగా చిమ్ముతాయి. వేసవిలో రాత్రి ఎనిమిదింటికి గోదావరి గట్టు మెట్ల మీద కూర్చున్నవాళ్ళకు ఈ సంగతి ఒంటికి తెలుసు. ఎండ పోయి గంటన్నర అయినా రాయి ఇంకా సెగ కక్కుతూనే ఉంటుంది.

ఈ సెగను చదివే పరికరాన్ని మనందరం 2020లో చూశాం. కరోనా రోజుల్లో కొట్టు గుమ్మంలో నుదుటికి గురిపెట్టిన తుపాకీ గుర్తుందా? అది ఒక్క చుక్క దగ్గర వేడిని కొలుస్తుంది. అలాంటివి వేలకు వేలు ఒక పలక మీద వరసలుగా పేర్చామనుకోండి, ఒక్కో చుక్కా ఒక్కో అంకె చెబుతుంది, అన్నీ కలిసి ఒక బొమ్మ అవుతుంది. వేడిబొమ్మ కెమెరా అదే. మంచి కెమెరా డిగ్రీలో ఇరవయ్యో వంతు తేడాను కూడా పట్టేస్తుంది. మన అరచేతికి రెండు కాళ్ళ మధ్య సుమారు 2 డిగ్రీల తేడా ఉంటేగాని తెలియదని పశువైద్యుల లెక్క.

ఇక్కడ పాఠకులు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. తెరమీద కనిపించే ఎరుపూ పసుపూ నీలమూ నిజం రంగులు కావు. అంకెలకు కంప్యూటరు పులిమిన రంగులు. ఎరుపంటే జబ్బు, నీలమంటే ఆరోగ్యం అని ఎక్కడా లేదు. రంగుల కొలబద్దను కొంచెం జరిపితే చల్లటి గుర్రం కూడా నిప్పుల్లో నిలబడ్డట్టు కనిపిస్తుంది. ఇంటర్నెట్లో తిరిగే చాలా బొమ్మల మహిమ ఇదే.

ఇంకో సంగతి. మెరుగుపెట్టిన ఇత్తడి బిందెలో మరిగే నీళ్ళు పోసి ఈ కెమెరాతో చూస్తే అది చల్లగా ఉన్నట్టు కనిపిస్తుంది. మెరిసే లోహం తన సెగను సరిగా బయటికి పంపదు, ఎదురుగా ఉన్నవాటి సెగను అద్దంలా తిప్పికొడుతుంది. మసిపట్టిన కుండ మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. అదృష్టవశాత్తూ ప్రాణుల చర్మం మసికుండ జాతిది. తెల్లగుర్రమైనా నల్లగుర్రమైనా చర్మం దాదాపు పూర్తిగా నిజమే చెబుతుంది. కూడలిలోని మెరుగుబెట్టిన కంచు గుర్రం మాత్రం అబద్ధం చెబుతుంది.

కాలువలూ లాకులూ

కాలి వేడికీ నొప్పికీ సంబంధం ఏమిటి? ధవళేశ్వరంలో నిలబడి ఈ ప్రశ్న అడిగితే జవాబు కళ్ళెదురుగానే ఉంటుంది.

బ్యారేజీ దగ్గర గోదావరి నుంచి మూడు పెద్ద కాలువలు బయలుదేరతాయి. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకు, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకు. పెద్ద కాలువ పిల్లకాలువలుగా, పిల్లకాలువ బోదెలుగా చీలి చివరికి మడిలోకి చేరుతుంది. ఒంట్లో రక్తం నడిచే తీరూ అచ్చం ఇంతే. గుండె బ్యారేజీ. ధమనులు కాలువలు. చర్మం కింద వెంట్రుకకంటే సన్నని నాళాలు బోదెలు. బోదె మొదట్లో తూము ఎంత తెరిస్తే అంత నీరు పారినట్టు, నాళాల మొదట్లోని చిన్న కండరాలు వదులైతే రక్తం ఎక్కువ పారుతుంది, బిగిస్తే తగ్గుతుంది. రక్తం ఒంటి లోపలి వేడిని మోసుకొస్తుంది. గుర్రానికి లోపలి వేడి సుమారు 38 డిగ్రీలు. కాబట్టి రక్తం ఎక్కువ పారిన చోట తోలు వెచ్చగా, తక్కువైన చోట చల్లగా ఉంటుంది.

ఇప్పుడు ఒక స్నాయువులో నాలుగు పోగులు తెగాయనుకోండి. ఆ చోటినుంచి రసాయనాల రూపంలో కబురు వెళుతుంది. చుట్టుపక్కల తూములన్నీ తెరుచుకుంటాయి. రక్తం వచ్చి పడుతుంది, నాళాల గోడలు సడలి నీరు బయటికి ఊరుతుంది, మరమ్మతు చేసే కణాలు చేరతాయి. వేడి, ఎరుపు, వాపు, నొప్పి. ఈ నాలుగు గుర్తులనూ దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటే సెల్సస్ అనే రోమన్ రచయిత ఒక వరసలో రాసిపెట్టాడు. గుర్రంలో ఎరుపు వెంట్రుకల కింద కనపడదు. నొప్పిని గుర్రం దాచుకుంటుంది. వాపు రావడానికి సమయం పడుతుంది. మిగిలింది వేడి. గుర్రం దాచుకోలేనిది అదొక్కటే.

విమానంలోంచి డెల్టాను చూసినవాడికి కాలువలో నీరు కనపడకపోయినా, పొలం పచ్చదనాన్ని బట్టి ఏ కాలువకు ఎంత నీరందుతోందో తెలిసిపోతుంది. వేడిబొమ్మ సరిగ్గా ఆ పనే చేస్తుంది. ఎక్స్‌రే ఎముక ఎలా ఉందో చూపిస్తుంది, అంటే కాలువ గట్టు బొమ్మ. వేడిబొమ్మ ఆ కాలువలో ఇవాళ నీరు ఎలా పారుతోందో చూపిస్తుంది. గట్టు తెగకముందే ఊటలు మొదలవుతాయి కదా, కాలువ కాపలా లస్కర్లు గట్టు మీద తిరిగేది వాటిని వెతకడానికే కదా. కెమెరా ఉద్యోగం కూడా లస్కరుదే.

నీరు ఎక్కువైన చోటే కాదు, అందని చోటూ కనిపిస్తుంది. కాలువ పూడిపోతే శివారు ఎండినట్టు, నాళం మూసుకుపోయినా, నరం దెబ్బతిన్నా, ఆ కాలి భాగం చల్లబడుతుంది. పాతబడిన దెబ్బల్లో చాలాసార్లు వేడిమచ్చ బదులు చలిమచ్చే కనిపిస్తుంది. ఎర్రటి చుక్క కోసమే వెతికేవాడు దీన్ని వదిలేస్తాడు.

ఇక కొలత సంగతి. గుర్రానికి ఇంత వేడి ఉంటే ఆరోగ్యం అని ఒక అంకె చెప్పడం కుదరదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. అందుకని డాక్టర్లు ఎడమ కాలిని కుడి కాలితో పోలుస్తారు. బాగున్న గుర్రంలో రెండు కాళ్ళ బొమ్మలూ అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. గిట్ట మొదట, తోలూ గోరూ కలిసే అంచున, రక్తనాళాలు ఒత్తుగా ఉంటాయి కాబట్టి అక్కడ వెచ్చని పట్టీ ఒకటి రెండు కాళ్ళలోనూ కనిపిస్తుంది. ఒకే చోట రెండు కాళ్ళ మధ్య తేడా 1 డిగ్రీ దాటితే అనుమానించాలి. రామ్ పురోహిత్ అనే పశువైద్య శాస్త్రవేత్త అమెరికాలో అలబామా రాష్ట్రంలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో మెక్‌కాయ్ అనే మరో పరిశోధకుడితో కలిసి 1980లో ప్రచురించిన పరిశోధన ఈ దారిలో పెద్ద మలుపు. గుర్రం కాళ్ళలో వాపు మొదలైన చోటును వేడిబొమ్మ ఎలా చూపిస్తుందో అందులో వరసగా చూపారు. అంతకుముందే, 1970లలో, స్వీడన్‌లో పందెపు గుర్రాల స్నాయువుల మీద ఇలాంటి పని జరిగింది. కుంటు బయటపడడానికి రెండు వారాల ముందే స్నాయువులో వేడి కనిపించిన సందర్భాలు నమోదయ్యాయి.

స్నాయువులే ఎందుకు? గుర్రం పరిగెత్తేటప్పుడు అవి రబ్బరు పట్టీల్లా సాగి ముడుచుకుంటాయి. ప్రతి సాగుడులోనూ కొంత శక్తి వేడిగా మిగిలిపోతుంది. జోరుగా పరిగెత్తే గుర్రం ముందు కాలి స్నాయువు నడిమధ్యలో 45 డిగ్రీల దాకా వేడి పుడుతుందని 1990లలో కొలిచి చూశారు. రోహిణి కార్తెలో రాజమండ్రి ఎండ ఎంతో అంత. ఆ వేడిలో ఇతర కణాలైతే బతకడమే కష్టం. స్నాయువు కణాలు తట్టుకుంటాయి గానీ రోజూ తట్టుకోవాలంటే ఎక్కడో ఒక పోగు తెగుతుంది. అది మానేలోపు మళ్ళీ పరుగు. హైదరాబాదు మలక్‌పేట పందేల మైదానంలో పొద్దున్నే గుర్రాలను తిప్పేవాళ్ళు పరుగు కాగానే కాళ్ళు తడిమి చూసేది, చన్నీళ్ళు కొట్టేది ఈ భయంతోనే.

గోదావరి ఎండలో కెమెరా

ఇంతవరకు చదివి, ఒక కెమెరా కొని ధవళేశ్వరం గట్టు మీద మధ్యాహ్నం పన్నెండింటికి గుర్రాన్ని నిలబెట్టి ఫొటో తీస్తే ఏం వస్తుంది? ఏమీ రాదు. ఎండ పడిన వైపంతా ఎర్రగా, నీడ వైపంతా నీలంగా వస్తుంది. తెల్లమచ్చల గుర్రమైతే మచ్చలు సైతం వేడిలో కనిపిస్తాయి, ఎందుకంటే నల్ల వెంట్రుక ఎండను ఎక్కువ తాగుతుంది. గుర్రం ఆరోగ్యం తప్ప మిగతావన్నీ కనిపిస్తాయి.

ఈ విద్య పుట్టింది చలిదేశాల్లో. గాలి 20 డిగ్రీల దగ్గర, ఎండా గాలీ తగలని గదిలో గుర్రాన్ని నిలబెట్టి తీయాలని వాళ్ళ నియమం. మన దగ్గర మే నెలలో తెల్లవారుజామున కూడా 27, 28 డిగ్రీలుంటుంది. బయటి గాలి తోలు వేడికి దగ్గరయ్యే కొద్దీ ఒంట్లో తూములన్నీ తెరుచుకుంటాయి, వేడిని బయటికి పంపడానికి. గుర్రానికి మనిషిలాగే చెమట కూడా పోస్తుంది. వరదొచ్చినప్పుడు ఏ మడికి నీరెక్కువో చెప్పగలరా? అన్నీ మునిగే ఉంటాయి. అంచేత మన డెల్టాలో ఈ కెమెరాకు మంచికాలం సంక్రాంతి రోజులు, మంచివేళ సూర్యుడు రాకముందు. వైశాఖ మాసం మధ్యాహ్నం తీసిన వేడిబొమ్మ చూపించి ఎవరైనా మీ గుర్రానికి జబ్బు అంటే నమ్మకండి.

తయారీ కూడా పెళ్ళికూతురి తయారీ అంత ఉంటుంది. కాళ్ళకు కట్టు ఉంటే ముందే విప్పాలి, కట్టు కింద వేడి నిలవుంటుంది. బురద దులపాలి, దులిపాక రుద్దిన వేడి పోయేదాకా ఆగాలి. కాళ్ళు కడిగితే తడి ఆరేదాకా కెమెరా ఎత్తకూడదు, ఆరే నీరు చల్లబరుస్తుంది. తైలం పూసిన చోట వేడి మచ్చ వస్తుంది, అది తైలం మచ్చ. వెంట్రుకలు కత్తిరించిన చోటా అంతే. నీడలోకి తెచ్చాక కనీసం ఇరవై నిమిషాలు గుర్రం కుదురుకోవాలి. ఇంత చేశాక నాలుగు వైపుల నుంచీ తీయాలి. మరునాడు మళ్ళీ తీయాలి. రెండు రోజులూ ఒకే చోట మచ్చ కనిపిస్తే అప్పుడు మాట్లాడాలి.

వేడి మాట వచ్చింది కాబట్టి ఒక చట్టం సంగతి. బండి లాగే, బరువు మోసే పశువుల కోసం మన దేశంలో 1965లో నిబంధనలు చేశారు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా వాటితో పని చేయించకూడదు. రోజు మొత్తం మీద 9 గంటలకు మించకూడదు. విశ్రాంతి లేకుండా వరసగా 5 గంటలు మించి లాగించకూడదు. వేసవిలో మన ఊళ్ళలో ఈ నిబంధన ఎంత అమలవుతోందో మీకే తెలుసు.

కెమెరా చెప్పనివి

వేడిబొమ్మ "ఇక్కడ" అంటుంది. "ఇది" అనదు. ఆ వేడి మచ్చ కింద తెగిన పోగు ఉందో, చీము ఉందో, విరిగిన ఎముక ఉందో, నిన్న తగిలిన ముల్లు ఉందో తేల్చాలంటే ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ కావాలి. తుంటి కీలు లాంటివి మందపాటి కండల అడుగున ఉంటాయి. అక్కడి వేడి పైకి రాదు. రెండు కాళ్ళలో ఒకే జబ్బు సమానంగా వస్తే పోలిక దెబ్బతింటుంది. గిట్టలోపలి పొరలు వాచే జబ్బు సాధారణంగా రెండు ముందు కాళ్ళకూ వస్తుంది. రెండు బొమ్మలూ అద్దంలో ప్రతిబింబాల్లాగే ఉంటాయి, రెండూ వేడిగా. అలాంటప్పుడు ఆ గుర్రం బాగున్న రోజుల బొమ్మ ఉంటేనే తేడా తెలుస్తుంది. పెద్ద పందెపు లాయాల్లో వారం వారం బొమ్మలు తీసి దాచుకునేది అందుకే.

అయినా ఈ కెమెరా ఒక చోట సాక్షిగా బాగా పనికొచ్చింది. అమెరికాలో టెనెసీ నడకగుర్రాలని ఒక జాతి ఉంది. ముందు కాళ్ళు ఎగరేసి నడిచే దాని నడకకు పోటీలు, బహుమతులు. ఆ నడక ఇంకా ఎత్తుగా రావాలని కొందరు గిట్ట మీది చర్మానికి మంటపుట్టే మందులు రాస్తారు. నేల తగిలితే మంట, అందుకని గుర్రం కాలు ఎగరేస్తుంది. చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు. దీన్ని ఆపడానికి 1970లో అక్కడ చట్టం వచ్చింది. పరీక్షకు వచ్చేసరికి కొన్ని గుర్రాలు నొప్పిని బయటపెట్టేవి కావు, కదిలితే దెబ్బలు తినేలా ముందే నేర్పి తెచ్చేవారు. 1970లలోనే ప్రభుత్వ పరిశోధకులు వేడిబొమ్మ తీసి చూస్తే దాచిన మంట బయటపడింది. గుర్రానికి నేర్పగలిగారు గానీ దాని రక్తనాళాలకు నేర్పలేకపోయారు. ఎద్దు తోక దగ్గర ముల్లుగర్ర గుచ్చి పోటీలు గెలిచేవాళ్ళు మన దగ్గర లేరని అనుకోవద్దు. అంతర్జాతీయ గుర్రపుస్వారీ పోటీల్లోనూ ఇప్పుడు కాళ్ళు తడిమి చూడడంతో పాటు వేడిబొమ్మ పరీక్ష ఉంది.

"మన దగ్గర గుర్రాలెక్కడున్నాయి, ఈ గొడవంతా ఎందుకు?" అని అడగొచ్చు. న్యాయమే. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తంలో గుర్రాలు, తట్టువలు కలిపి 3.4 లక్షలు. 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గిపోయాయి. రాజమండ్రిలో జట్కాలు పోయి ఆటోలు వచ్చాయి. పెళ్ళి ఊరేగింపుల్లో కనిపించే గుర్రం, విశాఖ బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకునే గుర్రం మిగిలాయి. వీటికంటే ముఖ్యమైనవి ఏజెన్సీ గుర్రాలు. పాడేరు కొండల్లో రోడ్డు ఎక్కని గూడేల నుంచి సంతకు సరుకు మోసేది ఇప్పటికీ గుర్రాలే. కొండరాళ్ళ మీద మూటలతో దిగే ఆ గుర్రం కుంటిందంటే ఆ వారం ఆ ఇంటికి సంత లేదు. హర్యానాలోని హిసార్‌లో 1985లో గుర్రాలకంటూ జాతీయ పరిశోధన కేంద్రం పెట్టారు. అక్కడి విద్య పాడేరు దాకా రావలసి ఉంది.

నా మటుకు, డెల్టాలో ఈ కెమెరా గుర్రం కంటే ముందు గేదె దగ్గరికి వస్తుందని అనిపిస్తుంది. గేదె తోలు మీద వెంట్రుక పలచన, కెమెరాకు అడ్డేమీ ఉండదు. బురద ఒక్కటే అడ్డు, కడగాలి. పొదుగువాపు వస్తే పొదుగులో ఒక భాగం వేడెక్కుతుంది. పాలు విరగకముందే ఆ వేడి పట్టుకోవచ్చని పాడిపశువుల మీద పరిశోధనలున్నాయి. గాలికుంటులో పుండ్లు పైకి తేలకముందే గిట్టలు వేడెక్కుతాయి. వానాకాలం రోజుల తరబడి నీళ్ళల్లో నిలబడి గిట్టలు మెత్తబడే పశువులున్న ప్రాంతం మనది. అన్నట్టు గాలికుంటు గుర్రాలకు రాదు. ఆ జబ్బు చీలిన గిట్టలవాటికే. పేరులో కుంటు ఉన్నా గుర్రం తప్పించుకుంది.

కెమెరా వచ్చేదాకా ఆగక్కర్లేదు. పశువు ఉన్నవాళ్ళు రోజూ తెల్లారగట్ల, కాడి కట్టకముందు, ఎండ పడకముందు, కాళ్ళు తడిమి చూడండి. ఎడమ చేతితో ఒక కాలు, కుడి చేతితో ఒక కాలు కాదు. మీ రెండు చేతుల వేడి ఒకటి కాదు. ఒకే చేతి వెనకభాగంతో ముందు ఒక కాలు, వెంటనే రెండో కాలు, సరిగ్గా అదే చోట. మోకాలి దగ్గర మొదలుపెట్టి గిట్ట మొదలు దాకా రండి. తేడా అనిపిస్తే ఆ రోజు పని ఆపండి, మరునాడు అదే వేళకు మళ్ళీ చూడండి. ఏ కాలు, ఏ చోటు, ఎన్నాళ్ళ నుంచి అన్నది ఒక కాగితం మీద రాసుకోండి, డాక్టరు అడిగే మొదటి మూడు ప్రశ్నలూ అవే. ఆసుపత్రికి తోలుకెళ్ళలేకపోతే 1962కి ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనం ఇంటి దగ్గరికే వస్తుంది.